ఒక్క మెతుకు చాలదు



అన్నం ఉడికిందో లేదో చూడడానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలునంటాం. ఒకే గిన్నె, ఒకే ఎసరు, ఒకే మంట కనుక ఆ మెతుకు మిగతా వాటి సంగతి కూడా చెబుతుంది. మరి ఒక రోడ్డు మీద ఏడాది పొడుగునా ఎన్ని బళ్ళు తిరుగుతాయో తెలియాలంటే? అన్ని రోడ్ల దగ్గరా రాత్రింబగళ్ళు మనుషుల్ని కూర్చోబెట్టడం అయ్యే పని కాదు. అందుకని కొద్దిరోజులు లెక్కపెట్టి, ఏడాదికి అంచనా కడతారు.

ఈ లెక్కతో ఆడవాళ్ళకేం పని అంటారా? రోడ్డు ఎంత మందాన వెయ్యాలో, ఎంత వెడల్పు చెయ్యాలో తేల్చేది ఇదే. అంచనా తగ్గితే రోడ్డు ముందుగానే గుంతలు పడుతుంది. పెరిగితే మనం కట్టిన పన్ను దండుగ.

వూళ్ళ వెలుపలి రోడ్లకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1972లో ఒక పద్ధతి చెప్పింది. ఏడాదికి కనీసం రెండుసార్లు లెక్కపెట్టాలి. పంట కోసి మార్కెట్టుకు తోలే రోజుల్లో ఒకసారి, రద్దీ పలచబడిన రోజుల్లో ఒకసారి. ప్రతిసారీ వరసగా 7 రోజులు, రోజుకు 24 గంటలూ. సంతరోజు వేరు, ఆదివారం వేరు కదా, అందుకని వారమంతా. దగ్గర్లో జాతర జరుగుతుంటే లెక్క కొన్నాళ్ళు వాయిదా వెయ్యాలి.

రాసే తీరు మనకు తెలిసిందే. పాల లెక్కకు గోడమీద గీతలు గీసినట్టు, నాలుగు బళ్ళకు నాలుగు నిలువు గీతలు, అయిదో బండికి వాటి మీదుగా ఏటవాలు గీత. లారీలకు, కార్లకు, స్కూటర్లకు వేరువేరు గళ్ళు. ఎందుకంటే ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకు జరిగే నష్టం ఇంచుమించు 16 రెట్లవుతుంది. ఇప్పుడు యంత్రాలూ, కెమెరాలూ కూడా లెక్కపెడుతున్నాయి.

ఒక చిన్న లెక్క చూడండి. పంటల వారంలో సగటున రోజుకు 3,000 బళ్ళు, రద్దీ లేని వారంలో 2,000 వచ్చాయనుకోండి. స్థూలంగా సగటు 2,500. దాన్ని 365తో గుణిస్తే 9,12,500. అలా కాక పండుగనాడు ఒక్కరోజే లెక్కపెడితే 5,000 వచ్చాయనుకోండి. అప్పుడు ఏడాదికి 18,25,000! రోడ్డు అదే, అంచనా మాత్రం రెట్టింపు. తప్పు గుణకారంలో లేదు, రోజును ఎంచుకోవడంలో వుంది.

ఒక్కోసారి పగలు 12 గంటలే లెక్కపెట్టగలుగుతారు. అదే రోడ్డు మీద పూర్తి రోజుకు 2,400 బళ్ళు, అందులో పగటివి 1,600 అని ముందే తెలిసివుంటే, పగటి లెక్కను ఒకటిన్నరతో గుణిస్తే సరి. అయితే ఈ ఒకటిన్నర అన్ని రోడ్లకూ పనికిరాదు. రాత్రిళ్ళు లారీలు నడిచే రోడ్డుకు ఒకటి, పగలే బళ్ళు తిరిగే బజారు రోడ్డుకు మరొకటి. పాతబియ్యానికి పోసే ఎసరు కొత్తబియ్యానికి పోస్తే అన్నం ముద్దవుతుంది కదా!

మీ పిల్లల బడి ముందు రోడ్డు దాటడం కష్టంగా వుందా? మునిసిపాలిటీకి అర్జీ పెట్టేముందు, మీరు నలుగురూ వంతులు వేసుకుని, బడి పెట్టేవేళా, వదిలేవేళా వారం పాటు గీతలు గీయండి. సెలవురోజులు వదిలెయ్యండి. తేదీ, వేళ, బండి రకం రాసి అర్జీకి జతచెయ్యండి. “బళ్ళు చాలా ఎక్కువండీ” అనే మాటకన్నా ఆ కాగితానికి బలం ఎక్కువ.