పై పోర్షన్‌కి గెస్టులొస్తే..

నాన్న రిటైరయ్యాక విశాఖలో మా పై పోర్షన్‌ని రోజువారీ అద్దెకిస్తున్నాం. అమ్మానాన్నల నెల ఖర్చులకు ఆ డబ్బులే ఆసరా. నేనుండేది హైదరాబాద్‌లో. రాత్రి పదకొండింటికి గెస్ట్ ఫోన్ చేస్తే మెట్లెక్కాల్సింది నాన్నే. అందుకే ఎవరూ ఏదీ అడగక్కర్లేకుండా ఇల్లు సెట్ చేశా. మీకూ ఖాళీ పోర్షన్ ఉందా? అయితే ఇవి ట్రై చేయండి.

బీచ్‌కెళ్లొచ్చిన వాళ్ల కాళ్లకి ఇసుక ఖాయం. మెట్ల దగ్గరే కుళాయి, మగ్గు, డోర్‌మ్యాట్ పెట్టండి. ఉప్పుగాలికి ఇనుము ఇట్టే తుప్పు పడుతుంది కాబట్టి హ్యాంగర్లు ప్లాస్టిక్‌వి, తాళం ఇత్తడిది అయితే మేలు.

కరెంట్ పోయినా వైఫై పోకూడదు. రూటర్ వాడేది పది, పదిహేను వాట్లే. చిన్న యూపీఎస్ చాలు. పాస్‌వర్డ్‌ని క్యూఆర్ కోడ్‌గా గోడకి అంటించండి. గీజర్ స్విచ్ మీద తెలుగు, హిందీ, ఇంగ్లిష్‌లో పేరు రాయండి.

అరకు రైలెక్కేవాళ్లు పొద్దున్నే బయల్దేరతారు. కెటిల్, టీపొడి, పంచదార ఉంచితే మిమ్మల్ని లేపరు. తాళంచెవి ఎక్కడ పెట్టి వెళ్లాలో కూడా రాసిపెట్టండి.

విదేశీయులు దిగితే 24 గంటల్లోగా వాళ్ల వివరాలు ఆన్‌లైన్‌లో ఇమిగ్రేషన్ అధికారులకి పంపాలి. ఇది మాత్రం మర్చిపోవద్దు.

కర్టెన్లు, పెయింటింగ్‌లు కొనేముందు ఒక రాత్రి మీరే ఆ గదిలో పడుకోండి. ఛార్జర్ మంచం దాకా అందుతుందా, లైటార్పడానికి లేవాల్సొస్తోందా, పరుపు నడుం పట్టేస్తోందా.. తెల్లారేసరికి అన్నీ తెలిసిపోతాయి. డబ్బులు ముందు వాటికే పెట్టండి.