శత్రుదేశీయుడనే ముద్ర: యుద్ధకాల నిర్బంధం – హైదరాబాదు సంపాదకుడు ముహమ్మద్ అసద్

1. ఉపోద్ఘాతం:

యుద్ధం రాజ్యాల మధ్య జరిగినా, దాని భారం పరాయి దేశంలో పొట్టపోసుకుంటున్న సామాన్యుల మీద కూడా పడుతుంది. 1940 జూన్ 10న ఇటలీ యుద్ధం ప్రకటించగానే బ్రిటన్‌లో ఐస్‌క్రీం దుకాణాలు, కాఫీ హోటళ్లు నడుపుకొంటున్న ఇటాలియన్ వలస వ్యాపారులు నిర్బంధానికి గురయ్యారు. 16 నుండి 70 ఏళ్ల లోపు వయసుండి, ఆ దేశానికి వచ్చి 20 ఏళ్లు నిండని పురుషులను అదుపులోకి తీసుకోవాలని ప్రభుత్వం ఆదేశించింది. నిర్బంధితులను కెనడాకు తరలిస్తున్న ఆరండోరా స్టార్ నౌకను జులై 2న జర్మన్ జలాంతర్గామి ముంచివేసింది. మృతులు 800 మందికి పైగా. వారిలో సగానికి మించి ఇటాలియన్లే. ఇదే విధానం బ్రిటిష్ ఇండియాలోనూ అమలైంది. హైదరాబాదుతో అనుబంధం గల ఒక పండితుని ఉదంతం ద్వారా దానిని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. శత్రుదేశీయుడు – భావన:

శత్రుదేశ పౌరుడు నేరం చేశాడా లేదా అన్నది ఈ నిర్బంధంలో ప్రధానం కాదు. చేయవచ్చునన్న అనుమానమే చాలు. ఇది శిక్ష కాదు, ముందుజాగ్రత్త అని ప్రభుత్వాలు సమర్థించుకున్నాయి. అనుమానానికి కొలమానం పాస్‌పోర్టు. 1938 మార్చిలో ఆస్ట్రియాను జర్మనీ కలుపుకోవడంతో ఆస్ట్రియన్లు కూడా జర్మన్ల కిందే లెక్కకు వచ్చారు. భారతదేశంలో అహ్మద్‌నగర్, దేవలాలీ, డెహ్రాడూన్ వంటి చోట్ల వీరికోసం శిబిరాలు వెలిశాయి.

3. అసద్ ఉదంతం:

ముహమ్మద్ అసద్ అసలు పేరు లియోపోల్డ్ వైస్. 1900లో నాటి ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలోని లెంబర్గ్‌లో యూదు కుటుంబంలో జన్మించి, 1926లో ఇస్లాం స్వీకరించాడు. 1932లో భారతదేశానికి వచ్చాడు. నిజాం ప్రభుత్వ పోషణలో 1927 నుండి వెలువడుతున్న ‘ఇస్లామిక్ కల్చర్’ త్రైమాసికకు తొలి సంపాదకుడు మార్మడ్యూక్ పిక్తాల్. ఆయన తరువాత 1937లో ఆ బాధ్యత అసద్‌కు దక్కింది. 1938లో దానిని వదులుకున్నాడు. 1939 సెప్టెంబరులో యుద్ధం మొదలవగానే శత్రుదేశీయుడిగా అరెస్టయ్యాడు. 1945 ఆగస్టులో గానీ విడుదల కాలేదు. ఈ మధ్యకాలంలోనే ఆయన తండ్రి, సోదరి నాజీల మారణకాండకు బలయ్యారు.

4. పరిశీలన:

నాజీలు ఆయన కుటుంబాన్ని యూదులుగా వేటాడారు. బ్రిటిష్ ప్రభుత్వం ఆయనను జర్మన్‌గా బంధించింది. ఆయన స్వయంగా ఎంచుకున్న మతం, వృత్తి, నివాసం ఈ రెండు లెక్కల్లోనూ చోటు చేసుకోలేదు. నాజీ అభిమానులనూ, నాజీల బాధితులనూ ఒకే ముళ్లకంచె లోపల ఉంచడం ఈ విధానంలోని మౌలిక లోపం.

ఇక్కడ ఒక పోలిక గమనార్హం. 1942లో నెహ్రూతో పాటు భోగరాజు పట్టాభి సీతారామయ్యను కూడా అహ్మద్‌నగర్ కోటలో విచారణ లేకుండానే నిర్బంధించారు. అయితే పట్టాభి నిర్బంధానికి కారణం ఆయన తెలిసి ఎంచుకున్న రాజకీయ కార్యాచరణ. అసద్ నిర్బంధానికి కారణం పుట్టుకతో వచ్చిన పౌరసత్వం. మొదటిది అన్యాయమైనా వ్యక్తిని వ్యక్తిగా గుర్తించింది. రెండవది ఆ గుర్తింపునే నిరాకరించింది.

5. ముగింపు:

వలస పాలనతో ఈ పద్ధతి అంతరించలేదు. 1962 చైనా యుద్ధ సమయంలో స్వతంత్ర భారత ప్రభుత్వం సుమారు 3,000 మంది చైనా సంతతి వారిని రాజస్థాన్‌లోని దేవలీ శిబిరంలో నిర్బంధించింది. వారిలో పలువురు ఈ దేశంలోనే పుట్టినవారు. లండన్ దుకాణదారుడు, హైదరాబాదు సంపాదకుడు, అస్సాంలోని చైనా సంతతి వ్యాపారి ఎదుర్కొన్నది ఒకే సమస్య: తాము చేయని పనికి సంజాయిషీ చెప్పుకొనే అవకాశం కూడా లేకపోవడం. దేశభద్రత అవసరమే. కానీ వ్యక్తిగత విచారణ లేని భద్రతా చర్య శత్రువును పట్టుకోకపోవచ్చు. ఆశ్రయం కోరి వచ్చినవానిని మాత్రం తప్పక శిక్షిస్తుంది.