నెల సౌదా: ఇరవయ్యో తారీఖుకే ఖాతా తెరవకుండా ఉండాలంటే

ఒకటో తారీఖున జీతం వస్తుంది. ఐదో తారీఖులోపు అద్దె, కరెంటు బిల్లు, పిల్లల ఫీజు వెళ్లిపోతాయి. మిగిలిన దాంట్లోనే కిరాణా, కూరగాయలు, పాలు, గోష్త్. ఇరవయ్యో తారీఖు వచ్చేసరికి చాలా ఇళ్లల్లో పిల్లాడి చేతికి చీటీ ఇచ్చి గల్లీ చివరి దుకాణానికి పంపుతారు. "భాయ్‌కి చెప్పు, ఖాతాలో రాసుకోమని."

ఆ ఒక్క మాటతోనే అసలు నష్టం మొదలవుతుంది. ఉధార్‌లో తీసుకునేవాళ్లు రేటు అడగలేరు. పక్క దుకాణంలో కందిపప్పు కిలోకు ఐదు రూపాయలు తక్కువని తెలిసినా అక్కడికి వెళ్లలేరు, ఎందుకంటే చేతిలో నగదు లేదు. నెలకు 4,000 రూపాయల సరుకు ఉధార్‌లో వస్తోందని, రేటు సగటున నూటికి ఐదు రూపాయలు ఎక్కువ పడుతోందని అనుకుందాం. నెలకు 200, ఏడాదికి 2,400. వడ్డీ అని ఎవరూ అనకపోయినా డబ్బు మాత్రం పోయినట్టే.

జీతం పెరిగేదాకా ఆగకుండా, ఉన్న జీతంలోనే ఈ ఖర్చును కొంత తగ్గించుకోవచ్చు. దానికి కొన్ని లెక్కలు తెలిస్తే చాలు.

లిస్టు వండేవాళ్లే రాయాలి

చాలా ఇళ్లల్లో సరుకు ఎంత పడుతుందో తెలిసేది అమ్మీకి, దుకాణానికి వెళ్లేది అబ్బా. ఈ మధ్యలోనే డబ్బు జారిపోతుంది. డబ్బాలో చింతపండు ఉండగానే ఇంకో కిలో వస్తుంది. జీలకర్ర మాత్రం మర్చిపోతారు, దాని కోసం మళ్లీ బండి తీయాలి.

లిస్టు వంట చేసేవాళ్లే, డబ్బాలు తెరిచి చూసి రాయాలి. పేరు ఒక్కటే కాదు, ఎంత కావాలో కూడా రాయాలి. "పప్పు" అని కాకుండా "కందిపప్పు 3 కిలోలు, శనగపప్పు 1 కిలో" అని ఉండాలి. ఒక్క నెల కష్టపడి రాస్తే చాలు. దాన్ని ఫోన్‌లో దాచుకుని, వచ్చే నెల ఉన్నవి తీసేసి, లేనివి కలిపితే సరిపోతుంది. దుకాణానికి వాట్సాప్‌లో ముందే పంపితే సరుకు కట్టి ఉంచుతారు. గంట పని పావుగంటలో అయిపోతుంది.

సరుకును మూడు భాగాలు చేసుకుంటే ఇంకా సులువు. బియ్యం, పప్పులు, నూనె, పిండి, చాయ్‌పత్తి, సబ్బులు నెలకోసారి. ఉల్లిగడ్డ, ఆలుగడ్డ, కూరగాయలు, గుడ్లు వారానికోసారి. పాలు, ఆకుకూర, కొత్తిమీర, పుదీనా ఏ రోజుకారోజు. ఇలా పెట్టుకుంటే దుకాణానికి వెళ్లే సార్లు తగ్గుతాయి. వెళ్లిన ప్రతిసారీ లిస్టులో లేనిది ఏదో ఒకటి చేతికి వస్తుంది కాబట్టి, ఆ ఖర్చు కూడా తగ్గినట్టే.

26 కిలోల బస్తా వెనుక లెక్క

బియ్యం దుకాణాల్లో 25 కిలోల బస్తా పక్కన 26 కిలోల బస్తా చాలామంది చూసే ఉంటారు. దానికి కారణం జీఎస్టీ. 2022 జూలై 18 నుంచి ముందే ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం, పప్పులు, పిండి వంటివి 25 కిలోలు, అంతకన్నా తక్కువ ఉంటే 5 శాతం జీఎస్టీ పడుతోంది. 25 కిలోలు దాటిన బస్తాకు అది లేదు. దుకాణంలో విడిగా తూచి ఇచ్చే బియ్యానికీ లేదు. అందుకే మిల్లులు ఒక కిలో పెంచి 26 కిలోల బస్తా తెచ్చాయి.

అంటే అదే రకం బియ్యం 5, 10 కిలోల సంచిలో కొంటే పన్నుతో, 26 కిలోల బస్తాలో కొంటే పన్ను లేకుండా వస్తుంది. అలాగని బస్తా ఎప్పుడూ చవకే అనుకోవద్దు. ధరను కిలోలతో భాగించి చూడాలి. 25 కిలోలు 1,500 అయితే కిలో 60. 26 కిలోలు 1,508 అయితే కిలో 58. నెలకు ఒక బస్తా వాడే ఇంట్లో 50 రూపాయల దాకా మిగులుతుంది.

తెలంగాణలో రేషన్ కార్డు ఉన్న కుటుంబాలు ఇంకో లెక్క చూసుకోవాలి. 2025 ఏప్రిల్ నుంచి కార్డులో పేరున్న ఒక్కొక్కరికి నెలకు 6 కిలోల సన్న బియ్యం ఉచితంగా ఇస్తున్నారు. ఐదుగురి పేర్లు ఉంటే 30 కిలోలు, అంటే ఒక బస్తా కన్నా ఎక్కువే. దొడ్డు బియ్యం రోజుల్లో అవి తినక అమ్మేసినవాళ్లు ఉన్నారు. ఇప్పుడు రోజువారీ అన్నానికి ఇవే వాడుకుని, దావత్‌కు, బిర్యానీకి మాత్రం బాస్మతి కొంటే సరిపోతుంది. కొత్తగా వచ్చిన కోడలి పేరు, పుట్టిన పిల్లల పేర్లు కార్డులో ఎక్కాయో లేదో చూసుకోవాలి. పేరు లేకపోతే ఆ 6 కిలోలు రావు.

ప్యాకెట్ మీద ధర కాదు, కిలో ధర చూడండి

నూనె విషయంలో చాలామంది పొరపడతారు. ఒక లీటరు వంటనూనె బరువు సుమారు 910 గ్రాములు. కొన్ని కంపెనీలు 850 గ్రాములో, 800 గ్రాములో వేసి, చూడటానికి అంతే కనిపించే ప్యాకెట్ అమ్ముతాయి. 910 గ్రాములది 150 రూపాయలు, 850 గ్రాములది 144 అనుకుందాం. ఆరు రూపాయలు చవక అనిపిస్తుంది. కిలో లెక్కన చూస్తే మొదటిది దాదాపు 165, రెండోది 169 పైనే. తక్కువ ధర ఉన్న ప్యాకెట్టే ఖరీదు.

నెలకు 4 కిలోల నూనె వాడే ఇంట్లో ఈ తేడా 18 రూపాయలే. కానీ సబ్బు, బిస్కెట్, చాయ్‌పత్తి, సర్ఫ్, అన్నింట్లోనూ ఇదే జరుగుతోంది. ధర పెంచితే జనం గమనిస్తారని బరువు తగ్గిస్తారు. అందుకే చాలా ప్యాకెట్ల మీద ఎమ్మార్పీ పక్కనే గ్రాముకో, కిలోకో, లీటరుకో ఎంత పడుతుందో చిన్న అక్షరాల్లో ముద్రిస్తున్నారు. చూడాల్సింది ఆ అంకెనే. పెద్ద ప్యాకెట్ ఎప్పుడూ చవక అన్నది కూడా నిజం కాదు, ఆఫర్ ఉన్నప్పుడు చిన్నవే చవకగా పడతాయి.

ఎమ్మార్పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి. దానిపైన జీఎస్టీ అనో, కూలింగ్ చార్జీ అనో అడిగితే ఇవ్వనక్కర్లేదు. ఎమ్మార్పీ అంటే గరిష్ఠ ధర, అంతకన్నా తక్కువకు అడగొచ్చు. తూకంలోనో, ధరలోనో మోసం జరిగితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు, తెలుగులోనూ చెప్పొచ్చు. బిల్లు ఉంటేనే ఫిర్యాదు నిలబడుతుంది కాబట్టి బిల్లు అడిగి తీసుకోండి. తూకంలో తగ్గించేవాళ్ల పేరుతోనే ఖురాన్‌లో ఒక సూరా ఉంది, అల్-ముతఫ్ఫిఫీన్. దీనుపరంగా చూసినా ఇది చిన్న విషయం కాదు.

చికెన్ దగ్గర మూడు రేట్లు

చికెన్ దుకాణం బోర్డు మీద లైవ్, విత్ స్కిన్, స్కిన్‌లెస్ అని మూడు రేట్లు ఉంటాయి. 2 కిలోల కోడిని కోయించి తోలు తీయిస్తే సుమారు 1.3 కిలోల మాంసం వస్తుంది. లైవ్ రేటు 150 అయితే కోడి ఖరీదు 300, అంటే స్కిన్‌లెస్ కిలో దాదాపు 230 పడ్డట్టు. బోర్డు మీద స్కిన్‌లెస్ 240 ఉంటే లైవ్ కోడే మేలు. 220 ఉంటే స్కిన్‌లెస్ మేలు. మీ కళ్ల ముందే తూయించి, హలాల్ చేయించి, కందనకాయ, కార్జం కూడా అడిగి తీసుకోవచ్చు.

బేగం బజార్ వెళ్లాలా, గల్లీలోనే కొనాలా?

మసాలా, డ్రై ఫ్రూట్స్, పప్పులు బేగం బజార్‌లో హోల్‌సేల్ రేటుకు దొరుకుతాయని అందరికీ తెలుసు. కానీ పది కిలోల సరుకు మీద కిలోకు ఐదు రూపాయలు మిగిలితే 50 రూపాయలే. రానూ పోనూ ఆటోకు 200 ఇస్తే 150 నష్టం, పైగా సగం రోజు పోతుంది. మొహల్లాలో మూడు నాలుగు కుటుంబాలు కలిసి రెండు నెలలకోసారి ఒకరిని పంపితే అప్పుడు లాభం. కూరగాయలకు రైతు బజార్లు ఉన్నాయి. అక్కడ ఆ రోజు రేట్లు బోర్డు మీద రాస్తారు. అక్కడ కొనకపోయినా బోర్డు చూసి వస్తే బండి దగ్గర బేరానికి పనికొస్తుంది.

పది నిమిషాల్లో ఇంటికి తెచ్చే యాప్‌లు సమయం మిగులుస్తాయి, నిజమే. కానీ డెలివరీ చార్జీ, హ్యాండ్లింగ్ చార్జీ కలిపి చూడాలి. ఫ్రీ డెలివరీ కోసం 80 రూపాయల అక్కరలేని సరుకు వేస్తే అది ఫ్రీ కాదు.

ఎక్కువ కొనడంలో కూడా జాగ్రత్త ఉండాలి. వానాకాలంలో రవ్వ, మైదా, పప్పులకు పురుగు పడుతుంది. మసాలా పొడుల వాసన తగ్గిపోతుంది. బిస్కెట్లు, చిప్స్ ఇంట్లో ఎన్ని ఉంటే అన్ని రోజుల్లో కాదు, రెండు రోజుల్లోనే అయిపోతాయి.

రంజాన్‌లో బిల్లు ఎందుకు పెరుగుతుంది?

పగలంతా తినని నెలలోనే కిరాణా బిల్లు ఎక్కువ వస్తుంది. అసర్ తర్వాత, ఆకలి మీద బజారుకు వెళ్తే కనిపించిందల్లా కొనాలనిపిస్తుంది. అప్పుడే రద్దీ, అప్పుడే రేటు కూడా ఎక్కువ. దస్తర్‌ఖాన్ మీద ఆరు రకాలు పెడితే సగం మిగిలిపోతుంది. ఇస్రాఫ్ వద్దని దీన్ చెబుతున్న మాట ఆ నెలలోనే ఎక్కువ మర్చిపోతున్నాం.

శనగపిండి, నూనె, పప్పులు, సేమియా, ఖర్జూరం షాబాన్‌లోనే తెచ్చి పెట్టుకోవాలి. పండ్లు పొద్దున్నే కొనాలి. రంజాన్ ఏటా 10, 11 రోజులు ముందుకు వస్తుంది కాబట్టి రాబోయే కొన్నేళ్లు చలికాలంలో పడుతుంది. అప్పుడు జామ, బొప్పాయి, సంత్రా, అరటి చవకగా ఉంటాయి. పుచ్చకాయ కోసం పరుగెత్తనక్కర్లేదు. ఖర్జూరం, బాదం, పిస్తా, నెయ్యి మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. షీర్ ఖుర్మా సామాను కొనేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకుని రేటు అడగండి.

ఖాతా నుంచి బయటపడే దారి

ఉధార్ ఒక్క నెలలో పోదు. ముందు నెలలో ఒక్క సరుకును నగదుతో కొనండి, బియ్యం అనుకుందాం. రెండో నెల నూనె కలపండి, మూడో నెల పప్పులు. మిగిలిన 100, 200 వేరే డబ్బాలో వేసి, పాత బాకీలో కొంచెం కొంచెం కడుతూ రండి. ఐదారు నెలల్లో చీటీ మీద రెండు మూడు సరుకులే మిగులుతాయి.

గల్లీ దుకాణం భాయ్‌తో సంబంధం తెంచుకోవాలని కాదు. కష్టకాలంలో, ఆసుపత్రి ఖర్చు వచ్చినప్పుడు, పని దొరకని నెలలో, ఇంటికి సరుకు ఇచ్చింది ఆయనే. ఆ ఖాతాను అలాంటి రోజుల కోసం ఉంచుకోవాలి. ప్రతి ఇరవయ్యో తారీఖుకూ దాన్ని తెరిస్తే, నిజంగా అవసరం పడ్డ రోజున అడగడానికి మొహం చెల్లదు.