పాత పడవే... ప్రపంచాన్ని చుట్టొచ్చింది!

డిగ్రీ పూర్తయ్యి రెండేళ్లు దాటింది. మధ్యలో గ్యాప్, ఒకటో రెండో బ్యాక్‌లాగ్‌లు. ‘ఇక నా ప్రొఫైల్ పాతబడిపోయింది’ అనుకుంటున్నారా? అయితే ఓ పాత తెరచాప పడవ కథ తెలుసుకోవాల్సిందే.

2018 సెప్టెంబరు. ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టే గోల్డెన్ గ్లోబ్ రేస్‌లో ఉన్న భారత నౌకాదళ అధికారి అభిలాష్ టోమీ, దక్షిణ హిందూ మహాసముద్రంలో తుపానుకు చిక్కారు. తెరచాప కొయ్య విరిగింది. వెన్నెముక దెబ్బతింది. కదల్లేని స్థితిలో ఉన్న ఆయన్ను ఓ ఫ్రెంచి నౌక కాపాడింది. పడవను మాత్రం నడిసంద్రంలోనే వదిలేయాల్సి వచ్చింది.

అక్కడితో కథ ముగిసిందనుకున్నారు చాలామంది. కానీ 2022లో ఆయన అదే రేస్‌కు మళ్లీ వచ్చారు. ఈసారి పడవ ‘బయానత్’. 236 రోజులు సముద్రంపై గడిపి, 2023 ఏప్రిల్ 29న రెండో స్థానంలో ఒడ్డు చేరారు. మొదటి స్థానం దక్షిణాఫ్రికాకు చెందిన కర్‌స్టెన్ నాయ్‌షాఫర్‌ది. 16 మంది బయల్దేరితే, ఎక్కడా ఆగకుండా రేస్‌ను పూర్తిచేసింది ముగ్గురే!

ఈ రేస్ రూల్ ఒకటి విచిత్రంగా ఉంటుంది. పడవ డిజైన్ 1988కి ముందుదై ఉండాలి. పొడవు 32 నుంచి 36 అడుగులే. జీపీఎస్ చూసుకుంటూ దారి పట్టడం కుదరదు. అందుకే ఎక్కువమంది పాత పడవ కొని, బాగుచేసుకుని వస్తారు. వాళ్లు ఆ పని ఎలా చేస్తారో చూస్తే, మనకూ ఓ ప్లాన్ దొరుకుతుంది.

రంగు కాదు, అడుగు చూడాలి

కొత్త పెయింట్, మెత్తటి సీట్లు చూసి కొంటే మేడిపండు వ్యవహారమే. అనుభవమున్నవాళ్లు ముందు పడవను నీళ్లలోంచి బయటికి తీయిస్తారు. సర్వేయర్ చిన్న సుత్తితో అడుగుభాగమంతా తట్టి చూస్తాడు. ఖంగుమంటే గట్టిగా ఉన్నట్టు. బొద్దుగా వినిపిస్తే లోపల తేమ చేరిందనో, పొరలు విడిపోయాయనో అనుమానించాలి. టోమీ పడవ రస్లర్ 36 రకానిది. 2018 రేస్‌లో 73 ఏళ్ల జాన్-లుక్ వాన్ డెన్ హీడ్ గెలిచిందీ ఆ రకం పడవతోనే. అంటే, అప్పటికే సత్తా చూపించిన డిజైన్!

మీ విషయంలో అడుగుభాగం అంటే సబ్జెక్టులో బేసిక్స్. రెజ్యూమె టెంప్లేట్ మార్చేముందు, మీ కోర్ సబ్జెక్టును ఎవరితోనైనా తట్టి చూపించుకోండి. ఒక్క మాక్ ఇంటర్వ్యూ చాలు.

వరస తప్పొద్దు

కొన్నాక అన్నీ ఒకేసారి మార్చేయాలనిపిస్తుంది. అక్కడే డబ్బు కరిగిపోతుంది. ముందు నీరు లోపలికి రాకుండా చూడాలి. తర్వాత చుక్కాని, కొయ్యను నిలబెట్టే ఉక్కు తీగలు. ఆ తీగలు పైకి బాగానే కనిపించినా, పదేళ్లు దాటితే అనుమానించాల్సిందే. ఆపైన కరెంటు వైరింగ్, బ్యాటరీలు. సోఫాలు, లైట్లు అన్నిటికంటే చివర. ‘ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు’ అన్నట్టే ఇదీ. కొన్న ధర మొదటి ఖర్చు మాత్రమే. అందుకే బడ్జెట్‌లో కొంత పక్కన పెట్టుకోవాలి.

ఒకేసారి ఐదు ఆన్‌లైన్ కోర్సులకు ఫీజు కట్టేవాళ్లు ఈ మాట గుర్తుంచుకోవాలి. మీకు కావాల్సిన ఉద్యోగానికి ఏది లేకపోతే పడవ మునుగుతుందో, అదే ముందు నేర్చుకోండి.

చేతికందిందే పనిముట్టు

ఎంత ప్లాన్ చేసినా సముద్రంలో ఏదో ఒకటి విరుగుతుంది. గాలివాటాన్ని బట్టి పడవను దానంతటదే నడిపించే పరికరం పాడైతే, టోమీ ఏకంగా టాయిలెట్ తలుపు కోసి దానికి భాగం తయారుచేసుకున్నారు. తన పడవలో ప్రతి చెక్కా, ప్రతి బోల్టూ ఎక్కడుందో తెలిసినవాళ్లకే ఇలాంటి ఉపాయం తడుతుంది. మీ ప్రాజెక్టు రిపోర్టులో ప్రతి లైనూ మీకు అలాగే తెలుసా? ఇంటర్వ్యూలో అడిగేది అదే.

ఈ రంగంలోకి రావాలంటే

పడవల డిజైన్, మరమ్మతులపై ఆసక్తి ఉంటే నేవల్ ఆర్కిటెక్చర్ చదవొచ్చు. ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీకి విశాఖపట్నంలో క్యాంపస్ ఉంది. ఇంటర్ ఎంపీసీ చదివినవాళ్లు ఐఎంయూ సెట్ రాసి బీటెక్‌లో చేరొచ్చు. తెరచాప పడవ నడపడం నేర్చుకోవడానికి గోవా దాకా వెళ్లక్కర్లేదు, హైదరాబాద్ హుస్సేన్‌సాగర్‌లోనే సెయిలింగ్ శిక్షణ ఉంది.

ఈ ఆదివారం ఓ తెల్లకాగితం తీసుకోండి. మూడు గడులు గీయండి. ‘గట్టిగా ఉన్నవి’, ‘వెంటనే మార్చాల్సినవి’, ‘తర్వాత చూద్దాం’. మీ గురించి నిజాయతీగా నింపండి. పాతబడటం తప్పు కాదు. ఎక్కడ కారుతోందో చూసుకోకుండా బయల్దేరడమే తప్పు!