బండ ఎక్కే అమ్మాయికి యోగా తోడు

"ఆడపిల్లకి బండలెక్కే సరదా ఏమిటండీ?" అని మా పక్కింటావిడ ముక్కున వేలేసుకుంది. నిజం చెప్పొద్దూ, మొదట్లో నేనూ అలాగే అనుకున్నాను. రాక్ క్లైంబింగ్ నేర్చుకోవడానికి భువనగిరి వెళ్తానని మా అమ్మాయి అంటే ససేమిరా అన్నాను. "నువ్వూ రామ్మా, చూశాక నచ్చకపోతే మానేస్తాను" అంది. సరేనని కిందటి చలికాలంలో ఒక ఆదివారం టిఫిన్ డబ్బా సర్దుకుని వెంట వెళ్లాను.

కోట ఉన్న ఆ ఏకశిల కింద నిలబడి పైకి చూస్తేనే నా గుండె జారింది. పిల్ల నడుముకి హార్నెస్, తలకి హెల్మెట్, పైనుంచి తాడు... అన్నీ ఉన్నాయి. కానీ సగం ఎక్కాక ఆగిపోయింది. కుడికాలు కుట్టుమిషను తొక్కుతున్నట్లు వణుకుతోంది. వేళ్లు బండని వదలవు. నేర్పే అబ్బాయి కింద నుంచి "ముందు ఊపిరి వదులమ్మా!" అని కేకేశాడు. నేనూ ఊపిరి బిగబట్టే ఉన్నానని అప్పుడు తెలిసింది. పిల్ల పొడుగ్గా ఊపిరి వదిలింది. కాలి వణుకు తగ్గింది. మెల్లగా మరో అడుగు వేసింది.

ఇన్నేళ్లుగా ఇంట్లో యోగా చేస్తున్నదాన్ని. ఇది నాకు తెలిసిన విద్యే కదా అనిపించింది. ఆ సాయంత్రమే ఇద్దరం పక్కపక్కన రెండు చాపలు పరిచాం.

బలం ఒక్కటే చాలదు

బండ ఎక్కాలంటే చేతుల్లో బలం ఉంటే చాలనుకుంటాం. అసలు బరువు మోయాల్సింది కాళ్లు. కొత్తవాళ్లు భయంతో అవసరానికి మించి గట్టిగా పట్టుకుంటారు. దుప్పట్లు పిండాక మన ముంజేతులు ఎలా గట్టిపడి లాగేస్తాయో, వాళ్లవీ అలాగే బిగుసుకుపోతాయి. పైగా ఎప్పుడూ లాగే పనే కాబట్టి భుజాలు ముందుకు వంగిపోతాయి. యోగా ఇక్కడే పనికొస్తుంది. బిగిసిన చోట సాగదీస్తుంది, నిలకడ నేర్పుతుంది, ఊపిరిని అదుపులో పెడుతుంది.

ఏ ఆసనం దేనికి?

వృక్షాసనం: ఒంటికాలి మీద నిలబడితే పాదం, మడమ, చీలమండ గట్టిపడతాయి. బొటనవేలంత అంచు మీద నిలబడాల్సిన వాళ్లకి ఇది ముఖ్యం.

బద్ధకోణాసనం: అరికాళ్లు రెండూ కలిపి కూర్చుని మోకాళ్లని పక్కలకి వదలాలి. తుంటి కీళ్లు వదులైతే నడుముని బండకి దగ్గరగా ఉంచవచ్చు. అప్పుడు చేతుల మీద భారం తగ్గుతుంది.

భుజంగాసనం, గరుడాసనం: మొదటిది ఛాతీని తెరుస్తుంది. రెండోదానిలో చేతుల మెలిక భుజాల వెనుక బిగువుని తగ్గిస్తుంది.

నమస్కారం: ఛాతీ ముందు అరచేతులు కలిపి, మోచేతులు పక్కలకి ఉంచి, చేతులని మెల్లగా కిందికి దించాలి. ముంజేతులు హాయిగా సాగుతాయి. అన్నట్టు, చపాతీలు వత్తాక మనకీ ఇది మంచిదే!

ఊపిరి: నాలుగు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలాలి. బిగబట్టకూడదు. చివర ఐదు నిమిషాలు శవాసనం.

ఎప్పుడు చేయాలి?

బండ ఎక్కబోయే ముందు ఎక్కువసేపు సాగదీసి ఉంచే ఆసనాలు వద్దు. నాలుగైదు సూర్యనమస్కారాలతో ఒళ్లు వేడెక్కితే చాలు. ఒక్కో ఆసనంలో అర నిమిషం చొప్పున నిలవడం ఎక్కి దిగిన తర్వాతో, విశ్రాంతి రోజునో చేసుకోవాలి. వారానికి రెండు మూడు సార్లు, ఇరవై నిమిషాలు. పొట్ట ఖాళీగా ఉండాలి సుమా.

తల్లులూ, ఇవి మరవకండి

యోగా వచ్చు కదా అని తాడు, హెల్మెట్, నేర్పే మనిషి లేకుండా పిల్లల్ని పంపకండి. ఎదిగే వయసు పిల్లలకి వేళ్ల కణుపుల్లో నొప్పి వస్తే ఆసనాలతో సర్దుకుంటుందని ఊరుకోకుండా, ఎక్కడం ఆపించి డాక్టరుకి చూపించాలి. మణికట్టు నొప్పి, రక్తపోటు ఉన్నవాళ్లు, గర్భిణులు అడగకుండా కొత్త ఆసనాలు మొదలుపెట్టకూడదు.

నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చిన గురుకుల విద్యార్థిని మాలావత్ పూర్ణ కూడా భువనగిరి బండల మీద శిక్షణ పొందినదే. 2014 మే 25న, 14 ఏళ్లు నిండకుండానే ఎవరెస్ట్ శిఖరం మీద నిలబడింది. టోక్యో ఒలింపిక్స్‌లో, అంటే 2021లో, క్లైంబింగ్ తొలిసారి పోటీగా చేరింది. ఆడపిల్లలూ పాల్గొన్నారు. కాబట్టి ఇది మగపిల్లల ఆట అనడానికి వీల్లేదు.

నాలుగు నెలల తర్వాత మళ్లీ భువనగిరి వెళ్లాం. అదే చోట మా అమ్మాయి మళ్లీ ఆగింది. ఈసారి ఎవరూ కేకేయలేదు. తనే ఊపిరి వదిలి, పాదం సర్దుకుని, పైకి వెళ్లింది. నా భయం పూర్తిగా పోయిందా అంటే లేదు. కానీ ఊపిరి వదలడం నేనూ నేర్చుకున్నాను.