ఇంటర్వ్యూలో నోటి తడబాటు: దిద్దుకోవలసినది, వదిలివేయవలసినది

పెద్దల ఎదుట మాట తడబడటం అజ్ఞానానికి గుర్తు కాదు. ఫిరౌను వద్దకు వెళ్ళమని ఆదేశం అందినప్పుడు దైవప్రవక్త మూసా (అలైహిస్సలాం) తన హృదయాన్ని విశాలపరచమనీ, నాలుక ముడిని విప్పమనీ అల్లాహ్‌ను వేడుకున్నట్లు ‘తాహా’ సూరా తెలుపుతున్నది. తనకంటే చక్కగా మాట్లాడగల సోదరుడు హారూన్‌ను తోడుగా కోరినట్లు ‘ఖసస్’ సూరాలో ఉన్నది. ముందు హృదయం, పిదప నాలుక అన్న ఆ క్రమం గమనించదగినది. జంకు పుట్టేది గుండెలో, బయటపడేది నోట.

కరీంనగర్, ఆదిలాబాదు ప్రాంతాల ముస్లిం విద్యార్థులలో అనేకులకు ఇంట దక్కనీ ఉర్దూ, బజారులో తెలంగాణ తెలుగు, తరగతిలో పుస్తక భాష లేక ఇంగ్లీషు. జగిత్యాల నుండో, నిర్మల్ నుండో హైదరాబాదుకు వెళ్ళి ఇంటర్వ్యూలో కూర్చున్నప్పుడు ఈ భాషలు ఒకదానిలో ఒకటి దొర్లడం సహజం. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2022 నాటి నిబంధనల ప్రకారం, ప్రవేశ పరీక్ష ద్వారా జరిగే పిహెచ్.డి. ఎంపికలో రాతపరీక్షకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం విలువ ఉన్నది. ఒక్క మాట జారినందుకు కలవరపడి తక్కిన సమాధానాలు పాడుచేసుకుంటే ఆ నష్టం చిన్నది కాదు.

ఇక్కడ తజ్వీద్ శాస్త్రం ఒక దారి చూపుతుంది. పఠనంలోని తప్పులను ఆ శాస్త్రవేత్తలు రెండుగా విభజించారు. అక్షరమో, స్వరచిహ్నమో మారిపోయేది ‘లహ్నె జలీ’. ‘ఖల్బ్’ అంటే హృదయం, ‘కల్బ్’ అంటే కుక్క. అటువంటి తప్పును దిద్దుకోక తప్పదు. దీర్ఘం, గున్నా వంటి సొగసులలోని లోటు ‘లహ్నె ఖఫీ’. దీనివల్ల అర్థం చెడదు.

ఖుర్ఆన్ పఠనంలో ప్రతి అక్షరానికీ హక్కు ఉన్నది. ఇంటర్వ్యూ పఠనం కాదు. అక్కడ అర్థం చెడినదా, లేదా అన్నదే కొలబద్ద. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో స్థాపితమైనదని చెప్పబోయి 1948 అన్నవాడు, “క్షమించాలి, 1918” అని ఒక్కసారి సరిదిద్దుకొని ముందుకు సాగాలి. దక్కనీ అలవాటు చొప్పున ‘ఖాఫ్’ను ‘ఖే’గా పలికినా, ‘ఉంది’ అనవలసిన చోట ‘ఉన్నది’ అన్నా ఆగనక్కరలేదు. పదేపదే క్షమాపణ చెప్పడం వల్ల వినేవారి దృష్టి విషయం నుండి తప్పు మీదికి మళ్ళుతుంది.

నమాజులో మరపున వాజిబ్ ఒకటి విడిచినవాడు నమాజును తెంచివేయడు. చివర సహ్వ్ సజ్దాలు రెండు చేసి లోపాన్ని పూరించుకుంటాడు. సమాధానంలో ముఖ్యాంశం మరచిన విద్యార్థి కూడా చివర, “ఒక్క మాట చేర్చడానికి అనుమతించండి” అని అడగవచ్చు.

జంకినప్పుడు ఊపిరి పొట్టిదై మాట వేగం పెరుగుతుంది. ఖారీ ‘వఖ్ఫ్’ వద్ద ఆగి శ్వాస తీసుకున్నట్లు, వాక్యం ముగిశాక ఆగాలి. ప్రశ్న విన్న తరువాత ఒక శ్వాస కాలం మౌనంగా ఉండటం తప్పు కాదు. ఇందుకు ముందుగానే ఇంట్లో అన్నతోనో, స్నేహితునితోనో ప్రశ్నలు అడిగించుకొని, ఇంటర్వ్యూ జరిగే భాషలోనే బిగ్గరగా సమాధానాలు చెప్పి అలవాటు చేసుకోవాలి.

కష్టపడుతూ, తడబడుతూ ఖుర్ఆన్ పఠించేవానికి రెండు పుణ్యఫలాలు ఉన్నాయని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) తెలిపినట్లు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్నది. తడబాటు ఎదురైనా చదువును విడువని శ్రమకు అల్లాహ్ వద్ద అంత విలువ ఉన్నప్పుడు, ఒక మాట జారినంత మాత్రాన విద్యార్థి తల వంచుకోనక్కరలేదు.