బ్యాటరీ తప్పు కాదు

కోడు రాసి బతికేవాళ్లందరికీ ఒక జబ్బు ఉంటుంది. సర్వర్ మొరాయిస్తే లాగ్స్ చూడకుండా రీస్టార్ట్ చేస్తాం. అది లేచి కూర్చుంటే "సరిపోయింది" అనుకుని టీ తాగడానికి వెళ్లిపోతాం. కిందటి చలికాలాల్లో ఒకదానిలో, అంటే 2024 జులైలో, ఇదే పని నా కారు మీద చేశాను. దానికి నాకు 189 డాలర్లు ఖర్చయ్యాయి. మా ఆవిడకు అర్ధరాత్రి హైవే మీద నలభై నిమిషాల వణుకు మిగిలింది.

మేముండేది లోవర్ హట్‌లో. న్యూజిలాండ్ రాజధాని వెల్లింగ్టన్‌కు పక్కనే, హట్ నది ఒడ్డున ఉన్న ఊరు. ఆ ఏడాది ప్రభుత్వం ఖర్చులు తగ్గించుకోవడం మొదలుపెట్టింది. వెల్లింగ్టన్‌లో కన్సల్టెంట్లలో చాలామందికి అన్నం పెట్టేది ప్రభుత్వ శాఖలే కాబట్టి ఆ సెగ మాకూ తగిలింది. జూన్ నెలాఖరుకు నా కాంట్రాక్టు అయిపోయింది, కొత్తది దొరకలేదు. ఇల్లు నడిచేది మా ఆవిడ జీతం మీద. ఆమె న్యూటౌన్‌లో నర్సు. మధ్యాహ్నం షిఫ్టు రాత్రి పదకొండింటికి అయిపోతుంది. ఆ వేళకు రైలును నమ్ముకుని ఇంటికి రావడం కష్టం, కాబట్టి కారు తప్పదు. మా కారు 2005 నాటి టయోటా కొరోలా ఫీల్డర్. జపాన్‌లో ఎవరో వాడి వదిలేస్తే ఓడెక్కి ఇక్కడికి వచ్చింది. ఈ దేశంలో మనవాళ్లలో చాలామంది మొదటి కారు ఇలాంటిదే.

ఒక ఉదయం తాళం తిప్పితే "టిక్ టిక్" అంది, అంతే. పక్కింటాయన జంపర్ కేబుల్స్ తగిలిస్తే స్టార్టయింది. చలికాలం, పాత బ్యాటరీ. ఇంకేం ఆలోచించాలి? వెళ్లి కొత్తది కొనుక్కొచ్చాను. బ్యాటరీ అనగానే కరకంబాడి, అమరరాజా గుర్తొచ్చే చిత్తూరు జిల్లావాణ్ణి, బ్యాటరీల గురించి నాకు తెలియదా అన్న ధీమా కూడా కొంత ఉంది. డాష్‌బోర్డు మీద ఎర్రటి బ్యాటరీ లైటు అప్పుడప్పుడు వెలిగి ఆరిపోతోందని మా ఆవిడ రెండుసార్లు చెప్పింది. "కొత్త బ్యాటరీ కదా, సర్దుకుంటుందిలే" అన్నాను.

తొమ్మిది రోజులు సర్దుకుంది. పదోరోజు రాత్రి వాన, దక్షిణపు గాలి. మా ఆవిడ హెడ్‌లైట్లు, వైపర్లు, హీటర్ ఫ్యాను, వెనక అద్దం డీమిస్టరు అన్నీ వేసుకుని బయలుదేరింది. నౌరాంగా దాటి పెటోనీకి వచ్చే దారి మీకు తెలిసే ఉంటుంది. ఒకపక్క కొండ, ఇంకోపక్క రైలు పట్టాలు, ఆ అవతల సముద్రం. అక్కడ ముందు హెడ్‌లైట్లు మసకబారాయి, తర్వాత వైపర్లు నెమ్మదించాయి, తర్వాత ఇంజను ఆగింది. ఎలాగో పక్కకు తీసి నిలిపి, రోడ్‌సైడ్ సర్వీసు బండి వచ్చేదాకా నలభై నిమిషాలు చీకట్లో కూర్చుంది. ఇంటికొచ్చాక ఆమె ఏమీ అనలేదు. అదే ఎక్కువ బాధ.

మర్నాడు ఒక గ్యారేజీకి ఫోను చేస్తే, కొత్త ఆల్టర్నేటర్, పని కూలీ అన్నీ కలిపి 780 డాలర్లు అన్నారు, అదీ వచ్చే వారం. ఆయన రేటు అన్యాయమని నేననను. మా దగ్గర ఆ నెల అంత లేదు, అంతే. ఈసారైనా కొనేముందు కొలుద్దాం అనుకుని పాతిక డాలర్లు పెట్టి ఒక మల్టీమీటర్ కొన్నాను.

ఇక్కడ కొంచెం లోపలికి వెళ్దాం. బ్యాటరీ పని ప్రధానంగా ఇంజన్ని లేపడం. లేచాక కరెంటంతా ఇవ్వాల్సింది ఆల్టర్నేటరే, ఫ్యాన్ బెల్టుతో తిరుగుతూ. మన ఊళ్లలో దీన్నే డైనమా అంటారు. నిజానికి పాతకాలం డైనమో వేరు, ఇది వేరు. దీనిలో మధ్య తిరిగే రోటరు ఒక విద్యుదయస్కాంతం. దానికి కరెంటు అందించేవి రెండు చిన్న కార్బన్ బ్రష్‌లు. అవి తిరిగే రెండు రాగి రింగుల మీద ఆనుకుని ఉంటాయి. చుట్టూ ఉన్న స్టేటరులో మూడు ఫేజుల ఏసీ పుడుతుంది, డయోడ్లు దాన్ని డీసీగా మారుస్తాయి. ఇంజను వేగం పెరిగినా తగ్గినా వోల్టేజి ఒకేచోట ఉండాలి కాబట్టి, రెగ్యులేటరు అనే చిన్న చిప్పు ఔట్‌పుట్ చూస్తూ రోటరుకిచ్చే కరెంటును పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. మన భాషలో ఫీడ్‌బ్యాక్ లూప్ అన్నమాట.

ఇప్పుడు ఆ రాత్రి లెక్క చూడండి. హెడ్‌లైట్లు రెండూ కలిపి 110 వాట్లు, అంటే దాదాపు 9 ఆంపియర్లు. డీమిస్టరు, హీటర్ ఫ్యాను చెరో పది పైన. వైపర్లు, ఇంజను సొంత అవసరాలు కలిపితే 35 నుంచి 40 ఆంపియర్లు. మా బ్యాటరీ 45 ఆంపియర్ అవర్లది. అదీ కొన్నాళ్లుగా సరిగ్గా నిండటం లేదు. ఎంతసేపు వస్తుంది? సరిగ్గా పెటోనీ దాకా.

శనివారం పొద్దున మీటరు పట్టుకుని కార్‌పోర్టులో నిలబడ్డాను. బ్యాటరీని అంతకుముందు రాత్రంతా మిత్రుడి ఛార్జరుతో నింపి ఉంచాను. దిగిపోయిన బ్యాటరీతో ఈ పరీక్షలు పెడితే ఏదీ తేలదు. ఇంజను ఆపి ఉంటే 12.6 వోల్టులు, బాగుంది. స్టార్ట్ చేస్తే 13.8 నుంచి 14.4 మధ్యకు ఎక్కాలి. ఎక్కలేదు, 12.4. లైట్లు వేస్తే 12.1, ఇంకా దిగుతోంది. బెల్టు చూశాను, చిట్లింది గానీ జారడం లేదు. ఫ్యూజులు బాగున్నాయి. ఆల్టర్నేటరు వెనక లావు వైరు బిగించిన చోట కూడా మీటరు పెట్టాను. అక్కడ 14 ఉండి బ్యాటరీ దగ్గర 12 ఉంటే తప్పు వైరుది లేదా మధ్యలో ఉన్న పెద్ద ఫ్యూజుది. నాకు రెండుచోట్లా ఒకటే వచ్చింది. అంటే కరెంటు పుట్టడమే లేదు. ఇంకో పరీక్ష ఉంది. మీటరును ఏసీ వైపు తిప్పి, ఇంజను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర చూడటం. అర వోల్టుకు మించి చూపిస్తే డయోడు పోయిందని అనుమానించాలి. అసలు ఛార్జింగే లేని చోట అదేం చెబుతుంది, వదిలేశాను.

సరిగ్గా అప్పుడు మా బాబాయ్ వాట్సాప్‌లో దొరికాడు. ముప్పై ఏళ్లు ట్రాక్టరు నడిపిన మనిషి.

"ఒరేయ్, డైనమా ఛార్జింగ్ ఇస్తోందో లేదో తెలియాలంటే మీటర్లెందుకురా? ఇంజను నడుస్తుండగా బ్యాటరీ నెగటివ్ పీకెయ్. బండి ఆగిపోతే డైనమా పోయినట్టే."

"అమ్మో, వద్దు బాబాయ్. దీన్లో కంప్యూటర్ ఉంది, కాలిపోతుంది."

ఇది మీరూ విని ఉంటారు. దయచేసి చేయకండి. ఆల్టర్నేటరు పనిచేస్తూ ఉన్నప్పుడు బ్యాటరీని ఉన్నట్టుండి తీసేస్తే వోల్టేజి ఒక్కసారిగా ఎగురుతుంది. పాత ట్రాక్టరు దాన్ని భరిస్తుంది, ఇంజన్ కంప్యూటరు భరించకపోవచ్చు.

బాబాయ్ కొంచెం చిన్నబుచ్చుకుని, "అయితే సుత్తి పిడితో దాని వెనకవైపు మెల్లగా తట్టి చూడు. కార్బన్లు అరిగితే తట్టినప్పుడు లేస్తుంది" అన్నాడు.

బెల్టుకు చెయ్యి దూరంగా పెట్టి, చెక్క పిడితో రెండుసార్లు తట్టాను. మీటరు 12.1 నుంచి 14.2కి ఎగిరింది! ఒక నిమిషం నిలిచి, మళ్లీ పడిపోయింది. అప్పుడప్పుడు వెలిగి ఆరిపోయిన ఎర్రలైటు, తొమ్మిది రోజులు బాగుండి పదోరోజు ఆగిన కారు, అన్నిటికీ ఒకే కారణం. అరిగిన బ్రష్‌లు రింగులను తగిలీ తగలనట్టు తగులుతున్నాయి. నేను కొన్న కొత్త బ్యాటరీ తన దగ్గరున్న దానితో అన్నాళ్లు నెట్టుకొచ్చి ఆ బగ్‌ను దాచిపెట్టింది.

విప్పడానికి తైతాలో ఉండే మిత్రుడి దగ్గర సాకెట్ సెట్ అరువు తెచ్చాను. ముందు బ్యాటరీ నెగటివ్ తీసేయాలి, ఇంజను ఆపి. ఆల్టర్నేటరు వెనక లావు వైరు నేరుగా బ్యాటరీ పాజిటివ్‌కు వెళ్తుంది. నెగటివ్ తీయకుండా దానిమీద స్పానరు పెడితే నిప్పురవ్వలే. ఆ తర్వాత బెల్టు వదులు చేసే బోల్టు, ప్లగ్గు, వైరు, కింద పెద్ద బోల్టు. వినడానికి ఇంతే. ఆ కింది బోల్టు మాత్రం తుప్పు మందు కొట్టి, గంటసేపు బతిమాలితే గానీ రాలేదు. వైర్లు ఎటు ఉన్నాయో విప్పేముందే ఫోన్లో ఫోటో తీసుకోండి. ఫోటోయే మన బ్యాకప్.

టేబులు మీద పెట్టి వెనక మూత తీస్తే బ్రష్‌లు గోరంత మిగిలాయి. బ్రష్‌లు మాత్రమే మార్చుకుంటే అతి తక్కువలో అయిపోయేది. కానీ రాగి రింగుల మీద గోరు ఆగేంత గాడి పడింది. దానిమీద కొత్త బ్రష్‌లు ఎంతోకాలం నిలవవు. మళ్లీ నౌరాంగా దగ్గర ఆగిపోతే నాకు ఇంట్లో చోటుండదు. అందుకని సీవ్యూ వైపున్న రెకర్స్ దగ్గరకు, అంటే పాత కార్లు విప్పి అమ్మే చోటుకు, పాతదాన్ని సంచీలో వేసుకుని వెళ్లాను. పాతది చేతిలో ఉండటం ముఖ్యం. ఒకే మోడల్‌కు రెండు మూడు రకాలుంటాయి. పార్ట్ నంబరు, ప్లగ్గు ఆకారం, పుల్లీ మీద గాళ్ల సంఖ్య, ఆంపియర్లు, అన్నీ కలవాలి. 90 డాలర్లకు ఒకటి దొరికింది. తీసుకెళ్లి ఒక ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర బెంచి మీద తిప్పించాను, 30 డాలర్లు. వాడిన వస్తువు కొన్నప్పుడు ఆ ముప్పై దండగ కాదు. చిట్లిన బెల్టు ఎలాగూ మార్చాలి, అదొక 35.

బిగించి స్టార్ట్ చేస్తే బెల్టు కీచుమంది. మధ్యలో వేలితో నొక్కితే మరీ వేలాడుతోంది. కొంచెం బిగిస్తే మాట వింది. మరీ బిగిస్తే బేరింగులు పోతాయి కాబట్టి అక్కడ ఆపాను. లైట్లు, ఫ్యాను, డీమిస్టరు అన్నీ వేశాను. 14.1.

మీటరుతో కలిపి 180 డాలర్లు. అనవసరంగా కొన్న బ్యాటరీ కలిపితే 369. అది కలపకూడదని నేను, కలపాలని మా ఆవిడ.

ఒక జాగ్రత్త. మీది టయోటా ఆక్వా, ప్రియస్ లాంటి హైబ్రిడ్ అయితే ఈ వ్యాసాన్ని చదివి వదిలేయండి. వాటిలో ఆల్టర్నేటరే ఉండదు, ఆ పని కన్వర్టరు చేస్తుంది. నారింజ రంగు కేబుళ్లలో ఉండేది ప్రాణాలు తీసే వోల్టేజి. కొన్ని కొత్త పెట్రోలు కార్లలో కూడా ఇంధనం ఆదా కోసం కంప్యూటరే ఛార్జింగ్ తగ్గిస్తూ ఉంటుంది. మీటరు 12.8 చూపించినంత మాత్రాన కంగారుపడి సుత్తి తీయకండి.

మంగళవారం మా ఆవిడ మళ్లీ మధ్యాహ్నం షిఫ్టుకు వెళ్లింది. సిగరెట్ లైటర్‌లో గుచ్చే చిన్న వోల్ట్‌మీటరు ఒకటి కొని కార్లో పెట్టాను. రాత్రి పదకొండూ పదికి, పార్కింగ్‌లోంచి బయలుదేరేముందు, మెసేజ్ వచ్చింది: "14.1. వస్తున్నా, అన్నం వేడిచెయ్యి."